దీవెనమ్మ హాజరు

"దీవెనమ్మా" అని లోపలి గదిలో పిలిచారు. "ఉండా సార్" అని ఒక ఆడగొంతు పలికింది. దీవెనమ్మ నా భార్య. ఆమె చచ్చిపోయి మూడేళ్లు. కాలికి చుట్టిన గుడ్డ తడిసిపోయి ఈగలు వాలుతుంటే తోలడానికి ఎత్తిన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న, చాపాడు ఊరి నుంచి వచ్చిన మనిషి తన దగ్గు తాను దగ్గుకుంటున్నాడు, ఎదురుగా గోడగడియారం పదకొండు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది, హోటలు కుర్రాడెవరో ఎర్రకారం దోశల పొట్లాలు లోపలికి ఇచ్చి పోయాడు, ఎవరికీ ఏమీ కాలేదు. మా వాళ్లలో దీవెనమ్మలు తక్కువేం కాదు, ఇంటికొకరుంటారు, ఇంకెవరో అయి ఉంటుందిలే అనుకున్నాను. అంతలో పిలిచిన గొంతే, ఎవరో ఆఫీసరు గొంతు, రిజిస్టరు చూసి చదువుతున్నట్టు నింపాదిగా అంది: "జి. దీవెనమ్మ, జనరల్ నర్సింగ్, మూడేళ్ల కోర్సు, జమ్మలమడుగు, ఎనభై నాలుగు." ఆడగొంతు మళ్లీ "అవును సార్" అంది. గొల్లపల్లి దీవెనమ్మ. గొల్లపల్లి మా ఇంటిపేరు. నా ఇంటిపేరు ఆమెకు వచ్చింది, ఆమె పేరు వేరొకరికి పోయింది, నేను ఇక్కడ కంది మోడు దిగిన కాలు చాపుకొని వింటున్నాను.

కడప నుంచి ఆఫీసర్లు తనిఖీకి వచ్చారని గేటు దగ్గరే చెప్పారు, గంటసేపు కట్లు కట్టరు, కూర్చోమన్నారు. మూడేళ్లుగా ఈ మెట్లు ఎక్కనివాణ్ని. ఆమెను ఇక్కడినుంచే తీసుకుపోయాం, ఒళ్లంతా పసుపు పూసినట్టు పచ్చగా, కళ్లు కూడా పచ్చగా. ఈ రోజు కూడా వచ్చేవాణ్ని కాదు. పరాయి చేలో అడ్డదారిన నడుస్తుంటే మోడు గుచ్చుకొని పదిరోజులైంది, షుగరు ఒళ్లు, మానడం లేదు, ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఆసుపత్రి ఇదొక్కటే. తల తిప్పి చూస్తే అప్పుడు కనపడింది. నీళ్ల డ్రమ్ము పైన, గోడకు, అద్దం బిగించిన పటం. ఫోటో లేదు, నర్సు చదువు సర్టిఫికెట్టు కాగితం ఒక్కటే, అడుగున ఎర్ర సీలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు. నేను ఐదు దాకా చదివినవాణ్ని, ఇంగ్లీషు రాదు, కానీ ఆ కాగితంలో ఆమె పేరు ఎక్కడుందో నాకు తెలుసు, పెళ్లయిన కొత్తలో వేలు పెట్టి చూపించింది. ట్రంకుపెట్టె అడుగున, బైబిలు కింద, పాత చీరలో చుట్టి పెట్టుకునేది. జమ్మలమడుగులో మూడేళ్లు హాస్టల్లో ఉండి చదివింది. చదువు ముగిసిన రోజు అందరూ తెల్లబట్టల్లో దీపాలు పట్టుకొని వరుసగా నడిచారట, గాలికి తన దీపం ఆరిపోతే పక్కపిల్ల దీపంతో మళ్లీ వెలిగించుకుందట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, వినలేదు కాబట్టి.

ఈ ఆసుపత్రిలో చేరేటప్పుడు నేనే వెంట వచ్చాను. ఎనభై ఏడు. కొత్త కట్టడం, సున్నం వాసన. డాక్టరు మా పార్టీ వాళ్లకు అయినవాడు. నెలకు ఆరువందలు అన్నాడు, అన్నీ ఒప్పుకున్నాక "ఒరిజినల్ ఈడ పెట్టిపో తల్లీ" అన్నాడు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అదే పద్ధతని తర్వాత తెలిసింది, నేర్చిన నర్సు వేరేచోటికి పోకుండా కాగితం బీరువాలో పెట్టి తాళమేస్తారు, ఎద్దును కట్టేసినట్టు. ఆమె కవరు రొమ్ముకు పట్టుకొని నా మొహం చూసింది. "మామా, ఒరిజినల్ ఎందుకిచ్చేది? నకలు ఉంది గదా" అంది మెల్లగా. "ఇచ్చెయ్ మే, మనోళ్లే గదా" అన్నాను. మనోళ్లు. ఆ రోజుల్లో లోకంలో రెండే జాతులు, మనోళ్లు, అవతలోళ్లు. టీ తాగే అంగడి కూడా ఏదో ఒక పక్కది. మనోడి దగ్గర కాగితం పెడితే ఇంట్లో పెట్టినట్టే అనుకున్నాను. ఆమె కవరు బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని తీసి చూడను కూడా చూడలేదు, బీరువాలో వేశాడు. ఇప్పుడు గోడకెక్కింది.

ఫినాయిలు వాసన. ఈ వాసనే ఆమె ఇంటికి తెచ్చేది, చీరలో, జుట్టులో, అన్నం కలిపే చేతిలో. పన్నెండు గంటల డ్యూటీ అనేవాళ్లు, రెండో సిస్టరు రాకపోతే ఇరవై నాలుగు, ఆ రెండో సిస్టరు ఎప్పుడూ రాదు, ఎందుకంటే రెండో సిస్టరు అనే మనిషే లేదు. చదివి వచ్చింది ఈమె ఒక్కతే. మిగతావాళ్లు ఊడ్చేదానికి వచ్చి ఈమె దగ్గర సూది వెయ్యడం నేర్చుకున్నవాళ్లు. పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచేవి. ఇంటికి రాగానే వేడినీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెట్టుకొని కూర్చునేది, ఒక్కొక్కసారి అట్లే నిద్రపోయేది, నీళ్లు చల్లారిపోయేవి. మా ఊరి మీదికి అవతలోళ్లు వచ్చినా, మావాళ్లు వాళ్ల ఊరి మీదికి పోయినా చివరికి జీపు ఇక్కడికే వచ్చేది. సర్కారు ఆసుపత్రికి పోతే కేసు. ఇక్కడ కేసు లేదు, దీవెనమ్మ ఉంది. గేటు ముందు మూడుసార్లు హారను కొడితే మనోళ్లని గుర్తు. చింతచెట్ల తోపులో బాంబులు చుడుతూ చేతులు పోగొట్టుకున్నవాళ్లు, వేటకొడవలి భుజంలోకి దిగినవాళ్లు. చెయ్యి అని ఎత్తుకొచ్చేది చెయ్యి కాదు, దాంట్లో గాజుపెంకులు, మేకులు, ఒక్కొక్కటి పట్టకారుతో తీసి పళ్లెంలో వేస్తుంటే చినుకులు పడ్డట్టు శబ్దమయ్యేదని చెప్పింది ఒకసారి. నేను అన్నం తినేటప్పుడు చెప్పింది. "తినేటప్పుడు ఏందిమే అది" అన్నాను. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. అట్లాంటి ఒక చేతికి కుట్లు వేస్తుంటే సూది ఆమె వేలికి దిగింది. కడుక్కొని మళ్లీ కుట్టింది. కళ్లు పచ్చబడడానికి ఏళ్లు పట్టింది. ఆ చెయ్యి కలవాడు ఇప్పటికీ జమ్మలమడుగు బస్టాండులో కనపడతాడు, మూడువేళ్లతో బీడీ ముట్టించుకుంటాడు.

జీతం ఆరువందల నుంచి పద్నాలుగు వందలకు పెరగడానికి ఏడేళ్లు. అప్పుడు వచ్చింది సర్కారు కాగితం. తొంభై నాలుగు, ఎన్నికల నెల. స్టాఫ్ నర్సు, పులివెందుల సర్కారు ఆసుపత్రి, మూడింతల జీతం, ఎనిమిది గంటల పని, పింఛను. ఎన్నడో రాసిన పరీక్ష, ఆమె కూడా మర్చిపోయింది. గురువారం లోపల ఒరిజినల్ తీసుకొని కడపకు పోయి చూపించి సంతకం పెట్టాలి. ఆ రోజు ఆమె నవ్వింది, పైపళ్ల చిగురు కనపడేటట్టు, పెళ్లిలో కూడా అట్లా నవ్వలేదు. "మామా, పులివెందులలో చిన్న ఇల్లు బాడుగకు తీసుకుందాం, ఎనిమిది గంటలే అంట, మిగతా పదహారు గంటలు ఏం జేయాలప్పా!" అంది. నేను ఎన్నికల జీపులో ఉన్నాను మూడురోజులు. శుక్రవారం ఇంటికి వచ్చేసరికి కాళ్లు ఉప్పునీళ్లలో పెట్టుకొని కూర్చుంది. "పోయొచ్చినావా?" అన్నాను. "పోలే" అంది. "ఏం?" "కాగితం దొరకలే." అంతే. ఆ మూడురోజులు గాయాల వాళ్లు వరసగా వచ్చారని ఊళ్లో విన్నాను. ఓహో, వాళ్లను వదిలి పోలేకపోయిందన్నమాట, దయామయి, చేతిలో పడ్డ సర్కారు ఉద్యోగం కాలదన్నింది అనుకున్నాను. అనుకోవడం కాదు, అన్నాను. అన్న తర్వాత ఆపలేదు. కప్పు కురిస్తే అన్నాను, క్రిస్మస్‌కు కొత్తబట్టలు లేకపోతే అన్నాను, కూరలో ఉప్పు ఎక్కువైతే కూడా అన్నాను, పులివెందులకు పోయుంటే ఈ కూడు తినే గతి ఉండదు గదా అని. తొమ్మిదేళ్లు. పళ్ల చిగురు మళ్లీ చూడలేదు. పచ్చబడిన కళ్లతో ఇదే ఆసుపత్రిలో పడుకొని ఉంటే, సగం బిల్లు మాఫీ చేస్తాం స్టాఫ్ కదా అని డాక్టరు అన్నప్పుడు కూడా, మంచం పక్కన నిలబడి అన్నాను, సర్కారు నర్సువైతే మొత్తం మాఫీ అని. ఆమె గోడవైపు తిరిగింది. అప్పుడు ఏ గోడకూ పటం లేదు.

లేచాను. కాలు నేలకు ఆనగానే మంట నెత్తికెక్కింది. లోపలికి పోయి అడుగుతాను, ఆ పలికిందెవరు, ఆ పటం ఎవరిది, చచ్చినదానిచేత ఇంకా డ్యూటీ చేయిస్తున్నారా అని అడుగుతాను. చొక్కా వెనక నుంచి ఎవరో పట్టి లాగారు. గుల్జార్‌బీ. ఈ ఆసుపత్రి తలుపులు తెరిచిన రోజు నుంచి ఉన్న ఆయా, ఇప్పుడు నడుము వంగింది, చీపురు అట్లే ఉంది.

"కూచో అప్పా."

"ఇడువు గుల్జార్‌బీ. ఎవరు పలికింది?"

"నా కూతురు. మాబున్ని."

"నీ కూతురికి నా పెండ్లాం పేరెందుకు?"

"పేరు తింటే కడుపు నిండుతాదా ఏంది? ఒక్క పూటకప్పా. ఆఫీసర్లు జీపెక్కినాక మళ్లా మాబున్నే. చదివిన నర్సు పేరొకటి లేకపోతే ఆసుపత్రి మూసేస్తారంట. దాని మొగుడు కువైట్‌కు పోయి ఆడ్నే ఇంకో సంసారం పెట్టుకున్న్యాడు. ఇద్దరు ఆడపిల్లోళ్లు. నువ్వు నోరు తెరిస్తే దాని పద్దెనిమిది వందలు పోతాయి."

"సచ్చి మూడేండ్లాయ గుల్జార్‌బీ. మట్టిచేసి వచ్చినాం. ఇంగా దిగనియ్యరా దాన్ని డూటీ?"

"మెల్లగా మాట్లాడు, మొగోడి గొంతు, లోపలికి ఇనపడ్తాది."

"కాగితం అడుగుతా. నా పెండ్లాం కాగితం నాకియ్యమంటా. అదన్నా ఇయ్యాల గదా."

చీపురు గోడకు ఆనించింది. నా మొహంలోకి చూసింది. "ఏం మొగం పెట్టుకోని అడుగుతావప్పా?" అంది. "ఇయ్యొద్దన్న్యోడివి నువ్వే గదా."

నేను కూర్చున్నాను. గడియారంలో పెద్దముల్లు ఎక్కడుందో చూశాను, చూసింది గుర్తులేదు. "నేనా?" అన్నాను.

"నువ్వే. ఆ పొద్దు సిస్టరు కాగితం అడిగేదానికి వచ్చినపుడు నేను ఆడ్నే నేల తుడస్తాండా. డాక్టరన్న్యాడు, నీ మొగుడే ఒద్దన్న్యాడంటమ్మా, అన్న ఫోన్‌జేసి చెప్పినాడు, నీ మొగుడి మాట కాదని నేనెట్లిస్తా, రేపు సంసారంలో గొడవొస్తే నాకొద్దు అని. సిస్టరు కట్లు కట్టే రూములోకి వచ్చి స్టూలు మీద కూచుండె. నీళ్లడిగింది, ఇస్తి. ఇంటికి పోయి ఆయప్పను అడుగు తల్లీ, యాడో పొరపాటు జరిగుంటాది అన్న్యా. ఏం చెప్పిందో తెలుసునా నీకు?"

తెలియదు.

"అడిగితే అవునంటాడు గుల్జార్‌బీ అనింది. అవునన్న్యాక ఆ మనిషితో కాపురం చేయలేను. అడక్కపోతే చేయొచ్చు అనింది. ఇంగ సరే అని చెప్పి లేసి చేతులు కడుక్కున్న్యాది. బయట జీపు హారను కొడ్తాండె."

గండి. ఆ ఎన్నికల మూడురోజుల్లో ఒకపూట, పాపఘ్ని ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ముందు జీపు నిలిచి ఉంది. అన్న అంటే మా పార్టీ నాయకుడు, మా ఊరి పెద్దరెడ్డి కొడుకు. ఆయన, మిగతావాళ్లు గుడిలోకి పోయారు, నేను జీపుకు కాపలా, మేం ప్రార్థనవాళ్లం కదా, అయినా ఇరవై ఏళ్లుగా జీపులో వెనక కూర్చునేవాణ్ని, కొడవళ్ల గోనెసంచి పక్కన. బొట్టుతో తిరిగొచ్చి టెంకాయ చిప్ప ఒకటి నా చేతిలో పెట్టి, "ముందర కూచో రా ఆనందయ్యా" అన్నాడు. ముందు సీటు. ఇరవై ఏళ్లలో మొదటిసారి. అద్దంలోంచి రోడ్డు నా మీదికి పరిగెత్తుకుంటూ వచ్చింది, వేంపల్లె దగ్గర జనం దండం పెడుతుంటే నాకు పెట్టినట్టే ఉంది. అప్పుడు భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పెండ్లాం పులివెందులకు పోతాందంట గదా? మన పిల్లోళ్లకు దెబ్బ తగిలితే ఎవురు రా చూసేది?" నేను టెంకాయ నములుతున్నాను. నోట్లో టెంకాయతోనే అన్నాను. "యాడికి పోతాదన్నా? నేను పొమ్మంటే గదా పోయేది." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. టెంకాయ తియ్యగా ఉంది. దాని తీపి గుర్తుంది, ఆ మాట గుర్తులేదు. పన్నెండేళ్లు గుర్తులేదు. మొగవాళ్ల మధ్య మొగవాడు అనే మాట, ఉమ్మేసిన తొక్క లాంటి మాట, అది కడపకు పోయే దారిలో ఆమె కాళ్లకు అడ్డం పడి ఉంటుందని ఎవడనుకుంటాడు? అనుకోలేదు అనడం అబద్ధం. అనుకునేపని పెట్టుకోలేదు.

శుక్రవారం. ఉప్పునీళ్లు. "కాగితం దొరకలే" అని తలెత్తి చూసింది ఒక్కసారి. నేను దాన్ని తప్పుచేసిన మనిషి చూపు అనుకున్నాను. తప్పుచేసిన మనిషినే చూసింది. చూస్తూ ఆగింది, నేను ఏదైనా చెబుతానేమోనని. నేను చెప్పింది, లక్షణంగా వచ్చిన ఉద్యోగం కాలదన్నినావు గదే అని. ఆమె లేచి, కాళ్లు కడిగిన నీళ్లు తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోయబోయి, ఉప్పునీళ్లు అని గుర్తొచ్చి, దూరంగా పోయి దారిలో పారబోసింది. నేను తొమ్మిదేళ్లు అన్న ప్రతి మాటనూ, అది ఎవరికి తగలాల్సిందో తెలిసి, మధ్యలో నిలబడి తన ఒంటితో కాసింది. అన్నం పెట్టింది. నా బట్టలు ఉతికింది. నేను కాపురం అనుకున్నది, ఆమె అడగకుండా ఉండడం. ఒక్కరోజు అడిగి ఉంటే? అవుననేవాణ్ని. ఆమెకు నేను తెలుసు. అవును, అన్నాను, అయితే ఏంది అనేవాణ్ని.

తలుపు తెరుచుకుంది. మాబున్ని బయటికి వచ్చింది, ముప్పైఐదేళ్లుంటాయి, తెల్లకోటు భుజాల దగ్గర బిగుతు, చేతిలో పళ్లెం. చాపాడు మనిషి చొక్కా చెయ్యి మడుచుకున్నాడు. ఆమె సూదిని వెలుతురుకు ఎత్తి, గోటితో రెండుసార్లు కొట్టి, గుచ్చిన తర్వాత దూదిమీద బొటనవేలితో గుండ్రంగా రుద్దింది. గోటితో రెండుసార్లు. బొటనవేలు గుండ్రంగా. ఆ చెయ్యి నాకు తెలుసు, దానికి నేర్పిన చెయ్యి తెలుసు, జ్వరం వచ్చినప్పుడల్లా నా దండచెయ్యి మీద అట్లే రుద్దేది. వెనకే డాక్టరు, జుట్టు నెరిసింది, చొక్కా కొత్తది, ఆ వెనక కడప ఆఫీసరు చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ, చంకలో రిజిస్టరు. పని అయిపోయిన మనిషి తీరిక మొహం. పటం ముందు ఆగాడు. "పాతకాలం ట్రైనింగు, మంచి ట్రైనింగు" అని మెచ్చుకొని, రిజిస్టరు తెరిచి, మాట కోసం మాట అన్నట్టు అడిగాడు: "భర్త పేరు ఆనందయ్య. ఏం చేస్తాడమ్మా మీ ఆయన?"

మాబున్ని పళ్లెం వైపు చూస్తూ చెప్పింది, బడిపిల్ల పాఠం చెప్పినట్టు. "సేద్యం సార్."

గుల్జార్‌బీ నన్ను చూస్తోంది. చీపురు రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరు ఆడపిల్లలు, పద్దెనిమిది వందలు, కువైట్‌లో ఇంకో సంసారం, అన్నీ నాకు వినపడినాయి, చెవిటివాణ్ని కాను. మంచివాణ్ని కూడా కాను. లేచి నిలబడ్డాను.

"సేద్యం ఇడిసిపెట్టి శానా దినాలాయ సార్."

"నువ్వెవరు పెద్దాయనా?"

"ఆనందయ్య."

ఆఫీసరు నవ్వాడు. "అరె, మొగుడూపెళ్లాలిద్దరూ ఇక్కడే ఉన్నారే!"

"లేరు సార్. ఈమె మాబున్ని. నా పెండ్లాన్ని జమ్మలమడుగు సమాధుల దొడ్లో పెట్టి మూడేండ్లాయ. ఆ పటం తీసియ్యండి, అది డూటీ దిగిపోతాది."

పళ్లెంలో సూదులు గలగలమన్నాయి. చినుకుల శబ్దం. డాక్టరు తొందరగా అడ్డం వచ్చాడు. "ముసలాయన సార్, షుగరు ఎక్కువై మతి చెదిరినాది" అన్నాడు, ఆఫీసరు రిజిస్టరు మూయకపోయేసరికి గొంతు మారింది. "కాగితం మేమేదో బలవంతంగా పెట్టుకున్న్యాం అనుకుంటాండాడు సార్. ఆమె సర్కారు ఉద్యోగానికి పోతానంటే ఇయ్యొద్దన్న్యోడు ఈయప్పే. ఈడుండాడు గదా, అడగండి. అడగండి సార్ ఆయప్పనే!"

ఆఫీసరు నా వైపు తిరిగాడు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగారు. చాపాడు మనిషి దగ్గు ఆపుకున్నాడు. మాబున్ని తలెత్తి చూసింది ఒక్కసారి, చూస్తూ ఆగింది.

"నువ్వేనా వద్దన్నది?" అని ఆఫీసరు అడిగాడు.

"అవును సార్" అన్నాను. "నేనే."